కమ్రా ఎంత? కాగితం మీద ఎంత?



మన న్యాల్‌కల్ వైపు ఇల్లు పెంచడమంటే షౌక్ కాదు, జరూరత్. కొడుకు నికా ఖాయమైతే కొత్త జంటకు ఓ కమ్రా కావాలి. అమ్మీకి మోకాళ్లు పట్టేస్తే ఘుసల్‌ఖానా ఇంట్లోకి రావాలి. సిమెంటు ధర నాలుగు దుకాణాల్లో అడుగుతాం. పర్మిషన్ ఫీజు దగ్గర మాత్రం చెప్పినంత కట్టి రసీదు జేబులో పెట్టుకుంటాం. "ఏ కొలత మీద ఈ హిసాబ్?" అని అడగం. అడగాలన్నదే నా మాట.

లోపల 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న కమ్రా తీసుకోండి. మంచం, బీరువా, జానిమాజ్ పరిచే చోటు కలిపి మనం బతికేది 168 చదరపు అడుగుల్లో. నాలుగు వైపులా 9 అంగుళాల గోడ కలిపి బయటి నుంచి బయటికి కొలిస్తే 13.5 × 15.5, అంటే 209 పైచిలుకు. దీన్నే ప్లింత్ ఏరియా అంటారు. ఫీజుకు సాధారణంగా చూసేది ఇలా గోడలతో కలిపిన కొలతే. మేస్త్రీ స్లాబ్ కూలి లెక్కలో సజ్జ కూడా కలుస్తుంది కాబట్టి ఆయన అంకె ఇంకా పెద్దది. ఆ అంకెనే దరఖాస్తులో రాస్తే నుక్సాన్ మనదే, ఎందుకంటే సజ్జ ప్లింత్ ఏరియాలోకి రాదు.

అసలు చిక్కు పాత గోడ దగ్గర వస్తుంది. పాత ఇంటికి ఆనించి కట్టే కమ్రాకు ఒక గోడ కొత్తది కాదు. 14 అడుగుల వైపు గోడ పాతదైతే కొత్తగా కట్టింది 12.75 × 15.5, సుమారు 198 చదరపు అడుగులే. టేపు పాత గోడ అవతలి అంచు నుంచి పట్టారంటే దాదాపు 12 అడుగులు రెండోసారి లెక్కలో పడ్డట్టే. ఆ పాత గోడ అడుగున్నర మందం మట్టి గోడ అయితే తేడా 23 దాటుతుంది. మన దాదా కట్టిన గోడకు మనం మళ్లీ ఫీజు కట్టడం ఇన్సాఫ్ కాదు.

మనం ప్లాటు గజాల్లో, ఇల్లు అడుగుల్లో చెప్పుకుంటాం. కాగితాల్లో మీటర్లుంటాయి. చదరపు గజం 9 చదరపు అడుగులు, చదరపు మీటరు 10.76. ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే దాదాపు ఐదో వంతు తేడా.

కొలత తేడా ఫీజుతోనే ఆగదు. ఇందిరమ్మ ఇళ్లకు 400 నుంచి 600 చదరపు అడుగుల హద్దు పెట్టారు. హద్దు దగ్గర ఉన్న ఇంటికి గోడల కొలతే ముసీబత్ కావచ్చు.

చిన్న ఇంటికి రియాయత్ ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు. 2020 టీఎస్ బీపాస్ చట్టంలో పట్టణాల్లో 75 గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు మించని ఇంటికి రూపాయి రిజిస్ట్రేషన్ చాలన్నారు. కాలిఫోర్నియాలో ఇళ్లు పెంచేవారి నుంచి బడుల కోసం ఒక ఫీజు తీసుకుంటారు. దాని లెక్కలో గరాజ్, వసారా, చూరు రావు. పెంపు 500 చదరపు అడుగులు మించకపోతే ఆ ఫీజే లేదు. మన పల్లెల్లోనూ ఒక్క కమ్రా, ఘుసల్‌ఖానా పెంపుకు ఇలాంటి మాఫీ ఎందుకు ఉండకూడదు?

పంచాయతీకి ఆమ్దనీ వద్దా అంటారా? కావాలి. మోరీ, వీధి దీపం ఆ పైసలతోనే వస్తాయి. అందుకే రెండు కమ్రాలు కట్టి ఒకటే చూపించడం కూడా గలత్. నాప్‌తోల్‌లో మోసం చేసేవాళ్ల మీద ఒక పూర్తి సూరానే ఉందని మన పిల్లలకు చెప్తాం. అది టేపు పట్టే చేతికీ వర్తిస్తుంది, దరఖాస్తు రాసే చేతికీ వర్తిస్తుంది.

కాబట్టి పునాది తవ్వకముందే ఒక నక్షా గీయించండి. పాత గోడను ఒక రంగులో, కొత్త గోడను ఇంకో రంగులో చూపించండి. ఏ అంచు నుంచి ఏ అంచు దాకా కొలిచారో, మీటరుకు ఎంత రేటో రసీదుతో పాటు రాసిమ్మని అదబ్‌గా అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో కలిపి దాచండి. రేపు అన్నదమ్ముల మధ్య తఖ్సీమ్ వచ్చినా పనికొచ్చేది అదే.