తొట్టి నేడు, చేపలు నెల తరువాత



కాప్రా, నాచారం, ఉప్పల్ ఒకప్పుడు చెరువులు గల పల్లెలు. కాప్రా 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసినది. చెరువు గట్టున చేపలను చూచి పెరిగినవారి పిల్లలు నేడు ముందుగదిలోని గాజు తొట్టిలో వానిని చూచుచున్నారు. పల్లెలలో కూడ ఈ ముచ్చట కానవచ్చుచున్నది. ముచ్చట మంచిదే. కాని వారము తిరుగకముందే చేపలు చచ్చి తేలుట, పిల్లలు ఏడ్చుట, తొట్టి అటక ఎక్కుట చాల ఇండ్లలో జరుగుచున్నది. చేపలు మంచివి కావనియో, అంగడివాడు మోసగించెననియో అనుకొందుము. నా అభిప్రాయములో తప్పు వారిది కాదు, మన తొందరది.

కాప్రాలోని మా ఇంట జరిగినదే చెప్పెదను. తొట్టి, పది చేపలు ఒకే సాయంత్రము కొని తెచ్చితిమి. కుళాయి నీరు నింపి వెంటనే చేపలను విడిచితిమి. ఆకలిగొన్నవని మాటిమాటికి మేత వేసితిమి. నాలుగవ నాటికి నీరు తెల్లబారినది. ఆరవ నాటికి మూడు చేపలు మిగిలినవి. భయపడి నీరంతయు పారబోసి, రాళ్లను సబ్బుతో కడిగితిమి. ఆ మూడును చచ్చినవి.

పచ్చి పేడ వేసిన పైరు దెబ్బతినుననియు, చివికిన ఎరువే మేలనియు మీకు తెలిసినదే. తొట్టి సంగతియు అంతే. చేపల విసర్జనము వలన, కుళ్లిన మేత వలన అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. ఒక రకము సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. అదియు విషమే. మరియొక రకము దానిని నైట్రేటుగా మార్చును. ఇది తక్కువగా ఉన్నంతవరకు అంత హాని చేయదు. మన పొలము మట్టిలో జరుగు పనియే ఇది. ఈ జీవులు ఇసుకలోను, వడపోత స్పంజిలోను స్థిరపడుటకు 4 మొదలు 6 వారములు పట్టును. అంతవరకు చేపలు లేకుండగనే వడపోతను నడుపుచు, దినమునకు చిటికెడు మేత నీటిలో వేయవలెను. భూసార పరీక్ష వలె నీటిని కూడ పరీక్షించి, అమ్మోనియా, నైట్రైటు రెండును లేవని తేలిన పిమ్మట కొంత నీరు మార్చి, మూడు నాలుగు గప్పీలను మాత్రము విడువవలెను.

చిన్న గిన్నె సులువనుకొనుట పొరపాటు. నీరు తక్కువైనకొలది త్వరగా చెడును. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 56 లీటర్లు పట్టును. బరువెక్కువ గనుక గట్టి బల్లపై, ఎండ తగులనిచోట ఉంచవలెను. కుళాయి నీటిని వెడల్పు పాత్రలో ఒక దినము తెరచి ఉంచిన క్లోరిను పోవును. మేత రెండు నిమిషములలో తినగలిగినంతే వేయవలెను. వారమునకొకమారు నాలుగవ వంతు నీటినే మార్చవలెను. స్పంజిని తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండవలెను. కుళాయి క్రింద కడిగిన, మేలు చేయు జీవులు చచ్చును.

మరియొక మాట. వద్దనుకొన్న చేపలను చెరువులో విడువరాదు. గాజును శుభ్రపరచునని కొను సక్కరు చేప అడుగునకు మించి పెరుగును. మన జలాశయములలో చేరి వలలను చింపుచు, గట్లలో బొరియలు చేయుచున్నది. మత్స్యకారులు దీనిని దెయ్యపు చేప అందురు. గ్రామాధికారులు ఈ సంగతి ప్రజలకు తెలుపవలెను.

తొట్టిని, చేపలను ఒకేనాడు అమ్మకుండుట అంగడివారికి ధర్మము, కొనకుండుట మనకు లాభము. దుక్కి దున్నకుండ విత్తనము చల్లని రైతు, నీరు సిద్ధము కాకుండ చేపను విడువవచ్చునా?