పలుకు నోరు నొక్కి, ప్రాణం పోయిందంటారేమి?



"పాత కంప్యూటరు మొరాయిస్తే పారేసి కొత్తది కొనుక్కోవాలి గాని, దానితో కుస్తీ పట్టడమేమిటి?" అన్న మాట ఈ మధ్య మనవాళ్ళలోనే, అదీ చదువుకున్నవారి నోట, పదేపదే వింటున్నాను. ఆ మాట తప్పని నా వాదం. కొంచెం కోపంగానే రాస్తున్నాను, మన్నించండి.

ముందు నా కథ. జగ్గయ్యపేటలో మా ఇంట 2005లో కొన్న పెంటియం 4 యంత్రం ఒకటుంది. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ముగిసిన తరువాత, నా పూర్వ విద్యార్థి ఒకడు అందులో డెబియన్ లినక్స్ పెట్టి ఇచ్చాడు. మా మెట్ట ఊళ్ళలో (ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా, 2022 దాకా కృష్ణా జిల్లా) సేద్యగాళ్ళ నోట, బండివాళ్ళ నోట వినబడి మాసిపోతున్న మాటలను పదిహేనేళ్ళుగా అందులోనే చేర్చుకుంటున్నాను. ప్రతి తీసి వేరేచోట దాచుకోలేదా అని అడుగుతారు. లేదు. ముప్పయ్యేళ్ళు పిల్లలచేత పద్యాలు కంఠస్థం చేయించినవాడిని, నా శ్రమ మొత్తాన్ని మాత్రం ఒక్క డిస్కును నమ్మి ఉంచాను. ఆ తప్పు నాదే.

మొన్నటి ఎండాకాలంలో డెబియన్ 12కు మారగానే, యంత్రం లేవబోతూనే ఆగిపోయింది. నల్లని తెర, అంతే. పెట్టెను ఒళ్ళో పెట్టుకొని ఆర్టీసీ బస్సులో నందిగామ వెళ్ళాను. అక్కడ ఒక దుకాణంలో మీట నొక్కి, నిమిషంపాటు తెరకేసి చూసి, "బోర్డు పోయింది పెద్దాయనా. ఒకసారి ఫార్మాటు కొట్టి చూద్దాం, రాకపోతే కొత్తది తీసుకోండి" అన్నారు. బోర్డు పోతే ఫార్మాటు ఎందుకో, ఫార్మాటు కొడితే బోర్డు ఎలా బాగుపడుతుందో, ఎంత ఆలోచించినా నాకు అన్వయం కుదరలేదు. పెట్టె తీసుకొని వచ్చేశాను. వారి మాట వినివుంటే పదిహేనేళ్ళ పదాలు ఆ పూటతో సరి.

ఇక్కడ ఒక చిన్న భాషా విషయం. కెర్నెల్ అంటే గింజలోపలి పప్పు. వేరుసెనగ పలుకు అంటామే, ఆ పలుకు. పలుకంటే మాట కూడాను. ఈ శ్లేష ఇంగ్లీషులో లేదు, మనకే దక్కింది. లినక్స్ కెర్నెల్ నిజంగానే పలుకుతుంది. లేచేటప్పుడు ప్రాసెసరు ఫలానాది, మెమరీ ఇంత ఉంది, డిస్కు దొరికింది అని వరుసగా తెరమీద చెప్పుకుంటూ పోతుంది. ఆ పంక్తులు చూసి జనం బెదురుతారని, పంపిణీలు తయారుచేసేవారు దానిని లేపే ఆదేశవాక్యంలో 'క్వయట్' అన్న మాట చేర్చారు. కొన్నింటిలో పక్కనే 'స్ప్లాష్' అని, మాటలకు బదులు ఒక బొమ్మ. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు నాకూ అభ్యంతరం లేదు. ఆగిపోయినప్పుడు, మనమే మూయించిన నోటిని చూసి ప్రాణం పోయిందని తీర్పు చెప్పడంతోనే నా తగవు.

ఇంటికి వచ్చి ఆ విద్యార్థికి ఫోను చేశాను. "మాస్టారూ, క్యాప్స్‌లాక్ మీట నొక్కండి. దీపం వెలిగి ఆరుతోందా?" అన్నాడు. ఆరుతోంది. "అయితే కెర్నెల్ బతికే ఉందండీ, తెర ఒక్కటే పోయింది. ఆ దీపాలు వాటంతటవే మిణుకుమిణుకుమంటుంటే అప్పుడు కంగారుపడాలి" అన్నాడు. గ్రబ్ పట్టిక కనబడగానే 'ఇ' మీట నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే వాక్యంలో క్వయట్‌ను చెరిపేసి, ఎఫ్10 నొక్కమన్నాడు. పంక్తులు జలజలా వచ్చి, కెర్నెల్ తెర రీతిని మార్చబోయేచోట నల్లబడింది. ఇంటెల్ చిత్రవిభాగాల విషయంలో ఆ పనిని కెర్నెల్ 2009 నుంచి తన చేతిలోకి తీసుకుంది. మా పాత బోర్డుకు అది గిట్టలేదు. అదే వాక్యంలో 'నోమోడ్‌సెట్' చేర్చాను. లేచింది! తెరమీద అక్షరాలు మునుపటికన్నా లావయ్యాయి, నా కళ్ళకు అది వరమే. ఈ దిద్దుబాటు ఆ ఒక్కసారికే పనిచేస్తుంది కనుక, గ్రబ్ అమరికల ఫైలులో రాసి 'అప్‌డేట్-గ్రబ్' నడిపించాను. ప్రతి కూడా ఆ పూటే తీశాను లెండి.

ఒక హెచ్చరిక. తెరమీద మిగిలిన చివరి పంక్తే దోషి అనుకోకండి. పద్యం అప్పజెప్పే పిల్లవాడు మూడో పాదం చెప్పి నిలిచిపోతే, వాడికి రానిది మూడోది కాదు, నాలుగోది. ఏ పని మొదలై పూర్తికాలేదో తెలియాలంటే 'ఇనిట్‌కాల్_డీబగ్' చేర్చి చూడాలి. ఆపైన 'నోఏపిక్', 'ఏసీపీఐ=ఆఫ్' వంటివి ఒక్కొక్కటిగా ప్రయత్నించాలి. గుంపుగా చేరిస్తే ఏది పనిచేసిందో తేలదు. ఏసీపీఐని ఆపితే ఇలాంటి యంత్రం పని ముగిశాక తనంత తాను ఆరకపోవచ్చు, కనుక అది చిట్టచివరి మందు.

ఎదుటిపక్షానికీ న్యాయం చేయాలి. 1991లో 386 మీద పుట్టిన లినక్స్, 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8తో ఆ 386నే విడిచిపెట్టింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో నా యంత్రం వంటి 32 బిట్లవాటికి కెర్నెలే లేదు. దాన్ని నేను తప్పుపట్టను. ఆ భారం మోసేవారూ మనుషులే, వారికీ ఓపిక అయిపోతుంది. 64 బిట్ల కెర్నెల్‌ను 32 బిట్ల ప్రాసెసరుమీద లేపబోతే, నాకు కావలసిన ప్రాసెసరు ఇది కాదని సూటిగా చెప్పి మరీ ఆగుతుంది. అది మర్యాద. నందిగామలో నాకు చెప్పిన తీర్పులో ఆ మర్యాద లేదు.

"మీరు విశ్రాంత ఉపాధ్యాయులు, మీకు తీరిక ఉంది" అంటారా? ఉంది. పట్టింది ఒక మధ్యాహ్నం. నందిగామకు రానూపోనూ పట్టింది కూడా దాదాపు అంతే! 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 లేదనో, ప్రాసెసరు పాతదనో విండోస్ 11 కాదన్న యంత్రాలెన్నో పాత ఇనుము దారి పడుతున్నాయి. అవి నా పెంటియం కన్నా ఎన్నో రెట్లు బలమైనవి, చాలావరకు 64 బిట్లవే, డెబియన్ 13కు పనికివచ్చేవి. పల్లెటూరి బడిలో ఒక్క యంత్రం కోసం అర్జీలు పెట్టి తిరిగినవాడిగా అడుగుతున్నాను: వాటిని తూకానికి వేసేముందు ఒక్కసారైనా లేపి చూశారా?

మొన్న మళ్ళీ నందిగామ వెళ్ళినప్పుడు అదే దుకాణానికి పోయి, గ్రబ్‌లో చేయవలసిన ఆ రెండు మార్పులనూ కాగితంమీద గుండ్రంగా రాసి ఇచ్చాను. అక్కడి కుర్రవాడు నవ్వి, "బోర్డు బాగుందా మాస్టారూ?" అని అడిగి, కాగితాన్ని బల్లమీది అద్దం కింద పెట్టాడు.