బిల్లులో లేని వరుస

డైనింగ్ టేబుల్ చేయించుకున్నవాళ్లు ముందు చెప్పేది టేకు సంగతి. "అసలైన ఆదిలాబాద్ టేకండీ, అడుగు ఇంత పడింది" అంటారు. ఆ తర్వాత పాలిష్ సంగతి. చేసిందెవరని అడిగితే మాత్రం "మన వీధి చివర వడ్రంగి లేడూ, అతనే" అని తేల్చేస్తారు. బల్ల మీద పెట్టే పళ్లేనికి కంపెనీ పేరుంటుంది. బల్లకి ఉండదు.

ఆ వీధి చివరి మనిషికి మనం ఇచ్చేదేమిటి? ఫోనులో ఒక బొమ్మ చూపించి "ఇలాగే ఉండాలి" అని వచ్చేస్తాం. బొమ్మలో కొలతలుండవు. బల్ల ఎత్తు 30 అంగుళాలు, కూర్చునే పీట 18 అనుకుంటే మధ్యలో మిగిలేది 12. బల్ల కింది పట్టీ, మన తొడలు రెండూ అందులోనే సర్దుకోవాలి. పట్టీ వెడల్పు తగ్గితే బల్ల ఊగుతుంది, పెరిగితే మోకాళ్లకి తగులుతుంది. మనిషికి 24 అంగుళాల జాగా వదలకపోతే పప్పన్నం కలిపేటప్పుడు మోచేతులు పోట్లాడుకుంటాయి. ఇవన్నీ అతను ప్లైవుడ్ ముక్క మీద పెన్సిల్‌తో తేల్చేస్తాడు. దాన్ని మనం డిజైన్ అనం.

అసలు పనితనం తేలేది కుర్చీ దగ్గర. భోజనమయ్యాక వెనక్కి వాలి ముందుకాళ్లు గాల్లోకి లేపుతామే, అప్పుడు బరువంతా వెనక కాలూ పక్క పట్టీ కలిసేచోట పడుతుంది. అక్కడ మేకు నిలవదు. పట్టీ చివర కూసం తీసి, కాలికి బెజ్జం తొలిచి దిగ్గొట్టాలి. కూసం సన్నమైతే వదులు, లావైతే కాలు పగులుతుంది. ఉలితో వెంట్రుకవాసి లేపడం, దూర్చి చూడడం, పైకి లాగడం, మళ్లీ లేపడం. చేత్తో తోస్తే సగం వెళ్లి, కొయ్యసుత్తి దెబ్బలకి మిగతాది దిగాలి. దిగాక ఏమీ కనబడదు. కనబడేది పాలిష్, పేరు దానికే.

ఇంకోటి చెప్పాలి. వానాకాలం చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. అందుకే పై పలకని బిర్రుగా బిగించకుండా స్క్రూకి కాస్త కోల బెజ్జం వదులుతాడు. అది చూసి "ఇదేంటయ్యా, సందులొదిలేశావ్?" అని గద్దించే యజమానులున్నారు!

అదే షోరూములో చెక్కపీచుని జిగురుతో అదిమిన ఎం.డి.ఎఫ్. బల్ల కొనేటప్పుడు రేటు చీటీ చూసి నోరెత్తం. తడి తగిలితే అంచులుబ్బుతాయి, ఒకసారి ఊడిన స్క్రూ మళ్లీ సరిగ్గా పట్టదు. అయినా బేరమంతా వడ్రంగి దగ్గరే.

2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగం ఉంది, పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఇస్తున్నారు. మంచిదే. ఉదయగిరి చెక్క గరిటెలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. గరిటెకొచ్చిన గౌరవం వీధి చివరి బల్లదాకా ఎప్పుడు పాకుతుందో.

ఇంటీరియర్ డిజైనర్ కంప్యూటర్‌లో గీసిన బొమ్మకి చదరపు అడుగుకింతని మారుమాట లేకుండా చెల్లిస్తున్నాం. వడ్రంగికి రోజు కూలీ, లేదంటే గుత్త. అందులో ఆలోచనకి పైసా లేదు. అతని కొడుకు ఉలి వదిలేసి డెలివరీ బండెక్కితే తప్పుపట్టే హక్కు మనకెక్కడిది? ఈసారి బల్ల చేయించేవాళ్లు చెక్క, కూలీ, పాలిష్‌లతో పాటు కొలతలు తేల్చినందుకూ బిల్లులో ఒక వరుస రాయించండి. అతను మొహమాటపడి వద్దంటాడు. అయినా రాయించండి.