కచేరీలో పరాయివారు



ప్రభుత్వ కచేరీలలో ఏజెన్సీల మూలమున పనిచేయు చిన్న ఉద్యోగులను గురించి తమ పత్రికా ముఖమున కొంత మనవి చేయగోరుచున్నాను. వారి జీతముల సంగతి పలువురు వ్రాయుచునే ఉన్నారు. నేను చెప్పునది వేరు. ఏండ్ల తరబడి ఒకే బల్లవద్ద పనిచేసియు “మనవాడు” అనిపించుకొనని మనిషి ఆరోగ్యము ఏమగును?

ఒడిషా ప్రభుత్వము 2022 అక్టోబరులో కాంట్రాక్టు నియామకములను రద్దుచేసి, 57 వేలమందికి పైగా ఉద్యోగులను క్రమబద్ధము చేసినది. మెచ్చదగిన పనియే. కాని ఏజెన్సీలవారు ఆ లెక్కలోనికి రాలేదు.

నేను చివర పనిచేసిన కచేరీలో (పేరు అనవసరము) టైపు పని అంతయు ఒక కుర్రవాడే చేసెడివాడు. మా అందరి పింఛను కాగితములు అతని చేతిమీదుగనే పోయినవి. మధ్యాహ్నము రికార్డు గదిలో ఒంటిగా తినెడివాడు. నేను పిలువగా రెండు దినములు మా బల్లవద్దకు వచ్చి మూడవనాడు మానుకొనెను. “హెడ్ గుమాస్తాగారికి ఇష్టం లేదండీ” అనెను. వీడ్కోలు సభలలో ఫోటో తీయు పని అతనిదే. ఏ ఫోటోలోను అతడు లేడు. ఒకమారు పది దినములు జ్వరముతోనే పనికి వచ్చెను. ఇంటివద్ద ఉండరాదా అంటిని. “నేను రాకపోతే ఇంకొకర్ని పంపిస్తారండీ” అనెను.

దిగులు, ఆందోళనల వలన లోకములో ఏటా 1,200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో లెక్క చెప్పినవి. ఉద్యోగము నిలుచునను నమ్మకము లేమి, తోటివారి ఆదరువు లేమి మనసును క్రుంగదీయునని ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. ఆ కుర్రవానికి రెండును కలవు.

మన తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు, ఇల్లు కదలకయే బరంపురము వారము మద్రాసు రాష్ట్రమునుండి వేరు రాష్ట్రములోనికి వచ్చితిమి. తరములు గడచినను “మీరు ఆంధ్రావారు కదా” అను మాట కచేరీలలో వినుచునే వచ్చితిమి. అది విన్ననాడు రాత్రి నిద్ర ఎట్లుండునో మనకు తెలియును. నేను చెప్పిన హెడ్ గుమాస్తాయు తెలుగువారే. బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయమై 1954లో కేంద్ర కార్మికమంత్రి పదవినే వదలుకొన్న వి. వి. గిరిగారు పుట్టిన ఊరిలో, ఒక కుర్రవానికి భోజనపు బల్లవద్ద చోటు కరవైనది!

పేరుపెట్టి పిలుచుటకు, ఫోటోలో నిలుపుటకు ఏ ఉత్తర్వును అక్కరలేదు. జబ్బు చేసినపుడు జీతముతో కొన్ని దినముల సెలవు మాత్రము ఏజెన్సీ టెండరు షరతులలో చేరవలెను. ఆ షరతుల ముసాయిదా మొదట వ్రాయునది గుమాస్తాలే. ఇపుడు ఆ కుర్చీలలోనున్నవారు ఆ ఒక్క పంక్తి చేర్చి పైకి పంపుదురుగాక. కొట్టివేయదలచినచో పైవారే సంతకము చేసి కొట్టివేయుదురు.

బరంపురము
— ఒక విశ్రాంత గుమాస్తా