నా బండి ఆయిల్ నేనే మార్చుకుంటాను

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం అనుబంధంలో ఇంటి దగ్గర మోటార్ సైకిల్ పనులు చేసుకునేవాళ్ళ మీద అరపేజీ వ్యాసం వేశారు. చదివినవాళ్ళు మరిచిపోయి ఉండరు. నేనైతే మరిచిపోలేకపోతున్నాను. ఇంజిన్ ఆయిల్ మార్చుకోవడం, చైను బిగించుకోవడం, ఎయిర్ ఫిల్టరు దులుపుకోవడం అన్నీ ప్రమాదకరమట. చెట్టు కింద మెకానిక్కుల దగ్గరికి పోవడం ఇంకా ప్రమాదమట. కంపెనీ సర్వీసు కేంద్రం తప్ప గతి లేదట. ఆ మాట ముగిసిన చోటే, మధ్యన గీతైనా లేకుండా, ఒక షోరూము సర్వీసు క్యాంపు ప్రకటన. వ్యాసం ఎక్కడ ఆగిందో, ప్రకటన ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి నేను కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

నేను బిలాస్‌పూర్ రైల్వేలో క్యారేజ్ అండ్ వ్యాగన్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు బోద్రీలో ఉంటున్నాను, ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్న ఊరే. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఇక్కడికి వచ్చాడు. అటు వాల్తేరు, ఇటు బిలాస్‌పూర్ రెండూ ఆ కంపెనీవే కాబట్టి మా వైపు వాళ్ళు చాలామందే ఇక్కడ దిగబడ్డారు. కోర్బా నుంచి వచ్చిన బొగ్గు గూడ్సు బండి యార్డులో ఆగితే అర్ధరాత్రయినా టార్చిలైటు పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచేవాళ్ళం. యాక్సిల్ బాక్సు మీద అరచెయ్యి పెట్టి వేడి చూడడం, చక్రాన్ని సుత్తితో కొట్టి మోత వినడం, బ్రేకు బ్లాకు ఎంత అరిగిందో వంగి చూడడం మా పని. మేం బాగుందంటేనే మా ఇంజినీరు బ్రేక్ పవర్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేవాడు. ఆ కాగితం చేతికి రాకుండా డ్రైవరు బండి కదిలించడు. వేల టన్నుల బొగ్గును నమ్మి నా చేతికి అప్పగించారు గానీ, 97 సీసీ స్ప్లెండర్ అడుగున ఒక్క బోల్టు విప్పడానికి మాత్రం నాకు అర్హత లేదని మీ పత్రిక తీర్పిచ్చింది.

సరే, ఆ పని ఎంత ఘోరమైనదో చెప్తాను, వినండి. బండిని మెయిన్ స్టాండు వేసి రెండు నిమిషాలు ఇంజిన్ నడపాలి, ఆయిల్ కాస్త పల్చబడుతుంది. ఆపి, కింద పళ్ళెం పెట్టి, 17 నంబరు పానాతో డ్రెయిన్ బోల్టు విప్పాలి. పాతది కారిపోయాక బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించాలి. ఇంజిన్ అల్యూమినియంది కాబట్టి పానా మీదెక్కి తొక్కకూడదు, చేతి బలం చాలు. కొత్త ఆయిల్ లీటరు కూడా పట్టదు. డిప్‌స్టిక్‌ను తుడిచి, మర తిప్పకుండా ఊరికే దించి చూస్తే రెండు గీతల మధ్య ఉండాలి. అంతే. పిల్లకు జడ వేసే తల్లికి ఇంతకంటే ఎక్కువ నేర్పు కావాలి.

నిజంగా పాఠకుడి మేలు కోరి రాసేవాళ్ళయితే ఒక్క వాక్యం రాయాల్సింది: డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అని ఉందో లేదో చూసి కొనండి, కార్లకు పోసే ఆయిల్ పోయకండి అని. మోటార్ సైకిల్లో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించడానికి కలిపే మందులు ఉంటే ఆ ప్లేట్లు పట్టు తప్పుతాయి. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. మీ అరపేజీలో ఈ సంగతికి చోటు దొరకలేదు, ప్రకటనకు దొరికింది.

ఇక షోరూము నిపుణుల సంగతి. మా అబ్బాయి పోరు పడలేక ఒకసారి బండిని ఇక్కడి ఒక సర్వీసు కేంద్రానికి తీసుకెళ్ళాను. ఏ షోరూమో పేరు రాయను, రాస్తే మీరూ వేయరు. ఇంటి నుంచి బయల్దేరే ముందు డ్రెయిన్ బోల్టు తల మీంచి ఇంజిన్ మీదికి పసుపు పెయింటుతో సన్నటి గీత గీశాను. బిగించిన బోల్టు కదిలిందో లేదో తెలియడానికి అలా గుర్తు పెట్టడం మాకు అలవాటు. సాయంత్రం బండి ఇచ్చారు. కడిగి తళతళలాడించారు, సీటు మీద కాగితం తొడుగు, అద్దానికి స్టిక్కరు. బిల్లులో ఇంజిన్ ఆయిల్, డ్రెయిన్ వాషరు, లేబర్, కన్స్యూమబుల్స్ అని వరస. అక్కడే వంగి చూశాను. నా గీత నా గీతలాగే ఉంది, వెంట్రుకవాసి కూడా పక్కకు జరగలేదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే పొద్దున్న ఎంత నల్లగా ఉందో అంతే నలుపు.

కౌంటరు దగ్గరి కుర్రాడు నవ్వి, ‘ఇప్పుడొచ్చే ఆయిల్ అంతే అంకుల్, పోయగానే నల్లబడుతుంది’ అన్నాడు. మరి బోల్టు విప్పకుండా పాతది ఎక్కణ్ణుంచి తీశావు బాబూ అని అడిగాను. మేనేజరు వచ్చాడు. గీత చూపించాను. ఆయన గీతను చూడలేదు, నన్ను చూశాడు. ‘మీరు ఇంటి దగ్గర ఇంజిన్ ముట్టుకుంటుంటారా? అలాగైతే వారంటీ పోతుంది’ అన్నాడు. నా బండికి వారంటీ ఎప్పుడో తీరిపోయింది. తీరిన వారంటీని చూపించి బెదిరించే ఆయన, వేయని వాషరుకు డబ్బు తీసుకున్న ఆయన, మీ లెక్కలో నిపుణుడు. గీత గీసుకున్న నేను ‘జాగ్రత్తపడాల్సిన’ మనిషిని! నలుగురూ పోగయ్యాక ఆయిల్ డబ్బులు వెనక్కిచ్చారు. వాషరు డబ్బులు మాత్రం ‘సిస్టంలో ఎక్కిపోయింది’ అన్నారు.

ఆ మేనేజరు నోట విన్న మాటే మీ వ్యాసంలో అచ్చులో కనిపిస్తే నాకు ఒళ్ళు మండదా? ఇది కొత్త కథేం కాదు. విడిభాగాలు బయట దొరక్కుండా చేసి, మా దగ్గరికే రావాలని కట్టడి పెట్టినందుకు 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీలకు రెండున్నర వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. అప్పీళ్ళ సంగతి ఎలా ఉన్నా, కమిషన్ అన్న మాట మాత్రం తేలికైంది కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ బాగుచేసుకునే హక్కు కోసం ఒక పోర్టలే తెరిచింది, వాహనాలు కూడా అందులో ఉన్నాయి. దేశం అటు నడుస్తుంటే మీ అనుబంధం ఇటు ఎందుకు నడుస్తోందో నాకు అంతుపట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పకుండా ఉండలేను. అదే వ్యాసంలో ‘బిలాస్‌పూర్ వంటి కొండ ప్రాంతాల చలికి ఆయిల్ చిక్కబడుతుంది’ అని రాశారు. అయ్యా, అది సట్లెజ్ మీద గోవింద్ సాగర్ ఒడ్డున ఉన్న హిమాచల్ బిలాస్‌పూర్. మాది అర్పా నది ఒడ్డు. మే నెలలో 45 డిగ్రీలు కాస్తుంది, ఆయిల్ కాదు మనుషులమే కరిగిపోతాం. ఒక రైల్వే జోనుకు కేంద్రమైన ఊరు, వీధికో తెలుగు ఇల్లు దొరికే ఊరు మీకు గుర్తుకు రాలేదా? మీ ఆదివారం పత్రిక కోసం విజయనగరం నుంచి వచ్చేవాళ్ళను బతిమాలి కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో తెప్పించుకుంటాం. సరిహద్దు దాటిన తెలుగువాడు మీకు సంక్రాంతి ముగ్గుల ఫొటో కావాల్సినప్పుడే గుర్తొస్తాడు. మాకు చలి గురించి కాదు, దుమ్ము గురించి చెప్పండి. రాయ్‌పూర్ రోడ్డు మీద లారీల వెనక బండి నడిపితే పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఎయిర్ ఫిల్టరు ఆగదు, ముందే చూసుకోవాలి. వానాకాలంలో చైనుకు నూనె పెట్టడం ఒక వారం మరిచిపోతే తుప్పు ఎర్రగా పలకరిస్తుంది. ఇలాంటి పనులకు పొద్దున్నే టోకెను తీసుకుని షోరూములో కూర్చోమంటారా?

మీ వ్యాసంలో ఒప్పుకోదగినవి రెండున్నాయి. బ్రేకు ఆయిల్ తెలియనివాళ్ళు ముట్టుకోకూడదన్నది నిజమే. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, పెయింటు మీద పడితే పొర లేచిపోతుంది, గొట్టంలో గాలి బుడగ మిగిలితే డిస్కు బ్రేకు పట్టదు. మా అబ్బాయి పల్సర్‌కు ఆ పని నేను చేస్తాను, పక్కింటాయనను చేయమనను. అలాగని అన్నీ నేనే చేస్తాననను, నా స్ప్లెండర్‌కు టాపెట్లు సరిచేయాల్సొస్తే చకర్‌భాఠాలో మీరు వెక్కిరించిన చెట్టు కింద మెకానిక్ దగ్గరికే వెళ్తాను. అతను నా కళ్ళెదుటే విప్పుతాడు.

రెండోది పాత ఆయిల్. ఇళ్ళల్లో మార్చుకునేవాళ్ళు దాన్ని కాలువలో పారబోస్తున్నారని రాశారు. పారబోసేవాళ్ళు ఉన్నారు, తప్పే. కానీ షెడ్లలో డ్రమ్ముల్లో పట్టిన ఆయిల్ ఎక్కడికి పోతోందో ఎప్పుడైనా అడిగారా? అందులో కొంత స్లాబు పోసే చోట సెంట్రింగ్ రేకులకు పూయడానికి అమ్ముడుపోతుంది. ఇది మేస్త్రీలందరికీ తెలుసు. వాడేసిన ఆయిల్ చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. కొత్త ఆయిల్ తయారుచేసి అమ్మే కంపెనీలే పాత ఆయిల్ శుద్ధికి కూడా బాధ్యత వహించాలని పెట్టిన నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ బాధ్యత మా వీధి దాకా రాలేదు. కొత్త డబ్బా అమ్మిన దుకాణంలో పాత ఆయిల్ తీసుకుంటారా అని అడిగితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. నా పెరట్లో మూతబిగించిన ఐదు లీటర్ల క్యానులో అది పోగవుతూ ఉంది. కాలువలో పోయను, సెంట్రింగ్ మేస్త్రీకి ఇవ్వను.

కాబట్టి వచ్చే అనుబంధంలో, దయచేసి, మా చేతుల్లోంచి పానాలు లాక్కునే వ్యాసం కాకుండా ఈ సంగతి మీద ఒకటి రాయించండి. ఆయిల్ కంపెనీలను మీ విలేకరుల చేత అడిగించండి: పాతది ఏ ఊళ్ళో ఎవరు తీసుకుంటున్నారు, సామాన్యుడు తెచ్చిన లీటరు ఆయిల్‌ను పట్టించుకుంటారా లేదా అని. విశాఖ, విజయనగరాలతో పాటు ఈ బిలాస్‌పూర్‌లో కూడా అలాంటి చోటు ఉంటే చిరునామా వేయండి. క్యాను పట్టుకుని నేనే వెళ్ళి ఇచ్చి వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఫిట్టరు,
బోద్రీ, బిలాస్‌పూర్ జిల్లా, ఛత్తీస్‌గఢ్