పదిహేను రోజుల మాస్టారు

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక పేరు చెబితే లక్క బొమ్మలే గుర్తుకు వస్తాయి. అంకుడు కర్రను లేత్ మిషన్ మీద తిప్పుతూ, ఆ రాపిడి వేడికి కరిగే లక్కను అద్ది, బొమ్మలు తీరుస్తారు. గింజలు, బెరడు, ఆకులు, వేర్ల నుంచే రంగులు తీస్తారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆ కళకు జీవితం ధారపోసిన సి.వి.రాజు గారికి పద్మశ్రీ లభించింది. ఇలాంటి పనివారి పక్కన ఎవరైనా పదిహేను రోజులు కూర్చుని "నాకు పని వచ్చేసింది" అంటే ఊరంతా నవ్వుతుంది. ఉలి సరిగా పట్టడానికే నెలలు పడుతుందని అక్కడి చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

బొమ్మ సంగతి అలా ఉంటే, పదిహేను రోజుల్లో పేద పిల్లలకు చదువు చెప్పేయవచ్చని నమ్మేవారు మాత్రం ప్రపంచంలో చాలామంది ఉన్నారు. ధనిక దేశాల యువతీ యువకులు ఏజెన్సీలకు డబ్బు కట్టి మరీ ఆసియా, ఆఫ్రికా దేశాల బడులకు వస్తారు. ఇంగ్లీషు పాటలు నేర్పుతారు. గోడలకు రంగులు వేస్తారు. ఫొటోలు దిగి వెళ్లిపోతారు. వారి మనసును శంకించనక్కర లేదు. కాని వారికి పిల్లల భాష రాదు. తర్వాత వచ్చే జట్టు మళ్లీ అవే పాటలతో మొదలుపెడుతుంది. నేపాల్, కంబోడియాలలోనైతే తల్లిదండ్రులున్న పిల్లలనే అనాథలుగా చూపించి, ఇలా వచ్చేవారి విరాళాలతో ఆశ్రమాలు నడిపిన సంగతి బయటపడింది. జాలి ఉన్నచోట దాని మీద వ్యాపారం చేసేవాడు కూడా ఉంటాడు మరి!

అందుకని పరదేశి వచ్చి చదువు చెప్పడమే తప్పని అనలేము. మన తెలుగునాడే అందుకు సాక్ష్యం. రాబర్ట్ నోబుల్ అనే ఆంగ్లేయుడు 1841లో మచిలీపట్నం వచ్చారు. ముందు తెలుగు నేర్చుకున్నారు. 1843లో గాని బడి తెరవలేదు. పెళ్లి చేసుకోకుండా, స్వదేశానికి తిరిగి పోకుండా, 1865లో ఇక్కడే కన్నుమూశారు. నేటి నోబుల్ కళాశాల ఆ బడి నుంచి పెరిగినదే. ఆయన వచ్చింది మత ప్రచారానికని దాచవలసిన పని లేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు తమ పిల్లలను తీసుకుపోయారు, బడి ఖాళీ అయింది. చదువు వెనుక మరో ఉద్దేశం ఉందని తోస్తే ఏ తండ్రి అయినా చేసే పనే అది. సేవ చేయదలచినవారు, మనతో సహా, ఈ సంగతి మరచిపోకూడదు.

ఇటీవలి ఉదాహరణ అనంతపురంలో ఉంది. బార్సిలోనాలో పుట్టిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్ర నుంచి పంపివేయబడి 1969లో ఆ కరువు జిల్లాకు వచ్చారు. 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఆయన స్థాపించిన ఆర్డీటీ సంస్థ దళిత, గిరిజన పల్లెల్లో ప్రభుత్వ బడికి తోడుగా అదనపు బడులు నడిపింది. డబ్బులో పెద్ద భాగం స్పెయిన్ దాతలది. పిల్లలను రోజూ కూర్చోబెట్టి చదివించింది మాత్రం తెలుగు టీచర్లు. నా దృష్టిలో ఆ సంస్థ విజయ రహస్యం అంతా ఇక్కడే ఉంది.

బయటి దేశంలో ఉంటూనే సహాయపడే మార్గం కూడా ఉంది. 1991లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కూచిమంచి రవి 'ఎయిడ్' అనే సంస్థను ప్రారంభించారు. అందులోనివారు తమ ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక వేళల్లో నిధులు సేకరించి, ఇక్కడి గ్రామాల్లో పనిచేసేవారికి అందిస్తారు.

ఇక మన సంగతి. సౌదీ, కువైట్, ఖతర్, దుబాయ్‌లలో మన కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. సెలవుకు వచ్చిన సోదరుడు బస్తీ బడిలో నోటు పుస్తకాలు పంచి ఫొటో దిగితే అదీ పదిహేను రోజుల మాస్టారు పనే అవుతుంది. "మేము డ్రైవర్లం, కూలీలం, మేమేం చదువు చెబుతాం?" అని కొందరంటారు. చదవలేని కాంట్రాక్టు మీద సంతకం పెడితే ఏమవుతుందో, పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకుంటే ఎలా ఉంటుందో, ఏజెంటు చెప్పిన జీతానికీ చేతికొచ్చిన జీతానికీ తేడా ఎంతో వారికంటే ఎవరికి తెలుసు? పదో తరగతి మానేసి వీసా కోసం ఎదురుచూస్తున్న కుర్రవాడికి ఈ పాఠం ఏ మాస్టారూ చెప్పలేడు. సెలవులో రెండు సాయంత్రాలు అందుకు చాలు.

మిగతా చదువు చెప్పడానికి అదే వీధిలో డిగ్రీ పాసై ఇంట్లో ఉన్న అమ్మాయి దొరుకుతుంది. నలుగురు కలిసి ఆమెకు జీతం ఇవ్వవచ్చు. ఒక్క జాగ్రత్త. బడులు జూన్‌లో తెరుస్తారు, పరీక్షలు ఏప్రిల్ దాకా సాగుతాయి. ఆ పదకొండు నెలల జీతం ముందే పక్కన పెట్టుకున్నాకే ఆమెను పిలవాలి. దసరా నాటికి డబ్బు ఆగిపోతే, నమ్మి వచ్చిన పిల్లలకు సమాధానం చెప్పవలసింది దుబాయ్‌లో ఉన్నవాడు కాదు, ఆ అమ్మాయి.