పీట వేశారు సరే, కూర్చోగలమా?



పిక్కిలి నుంచి వచ్చినా, హోసూరు నుంచి వచ్చినా స్పిన్నింగు మిల్లులో మన పని నిలబడి చేసేదే. రింగ్ ఫ్రేముల మధ్య తిరుగుతూ తెగిన పోగు అతకాలి. ఇలా నిలబడి పనిచేసేవారు వీలు చిక్కినప్పుడు కూర్చోడానికి తగిన ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమలులోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ కూడా 24వ సెక్షన్‌లో ఆ బాధ్యతను యజమానిపైనే పెట్టింది. చట్టం మారింది గాని హక్కు పోలేదు.

బట్టల దుకాణాల్లో నిలబడే స్త్రీలు కేరళలో పోరాడి 2018లో కూర్చునే హక్కు సాధించారు. తమిళనాడు 2021లో దుకాణాల చట్టాన్ని సవరించింది. బట్ట అమ్మేవారికి దక్కింది, నూలు వడికేవారికి కాగితం మీదే ఉండిపోవాలా?

"పీట వేశాం కదా" అనే యాజమాన్యాలూ ఉన్నాయి. పాత పెట్టె పలకను నాలుగు కాళ్ల మీద మేకులతో కొడితే అది తగిన ఆసనం కాదు. ఏ వడ్రంగినైనా అడగండి. కర్రలోనూ పోగులుంటాయి. తేమకు చెక్క పోగుల వెంట దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే కుదించుకుపోతుంది. నూలు తెగకుండా మన షెడ్డులో గాలికి తేమ పట్టిస్తారు. అందులో మేకులతో బిగించిన పలక కదలలేక వంగుతుంది, పగులుతుంది. పేళ్లు లేచి చీర చింపుతాయి, తొడలో గుచ్చుకుంటాయి.

మంచి ఆసనానికి బాగా ఆరిన కర్ర కావాలి. ఒకే వెడల్పు పలకకు బదులు రెండు మూడు సన్న పలకల అంచులు చిత్రిక పట్టి బంకతో అతకాలి. మధ్యలో కొద్దిగా గుంట తొలచాలి, ముందు అంచు గుండ్రం చేయాలి. లేకపోతే తొడ కింద నొక్కుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. స్క్రూలకు కోల రంధ్రాలు పెడితే చెక్క కదలడానికి చోటుంటుంది. పాదాలు నేలకు ఆనేంత ఎత్తు ఉండాలి.

కూర్చుంటే ఉత్పత్తి పడిపోతుందంటారు. పని మాని కూర్చుంటామని మనం అనడం లేదు. పనిలో దొరికే విరామాన్నే అడుగుతున్నాం.

కాబట్టి డిమాండ్ల పత్రంలో "కూర్చునే వసతి" అని రాసి వదిలేయకండి. ఎన్ని ఆసనాలు, ఎంత ఎత్తు, ఏ విధంగా చేసినవి, విరిగితే ఎన్నాళ్లలో మార్చాలి అన్నీ రాయించండి. చేయించే ముందు ఒకటి తెప్పించి, రాత్రి షిఫ్టు అక్కచెల్లెళ్లను కూర్చోబెట్టి అడగండి. వారు సరేనన్నదే తగిన పీట!